ఆటకూలి

మా పెరటి గోడ నడుమెత్తు ఉంటుంది. గొలుగొండలో ఇప్పుడు కట్టే ఇళ్లకి మనిషెత్తు గోడలు లేపుతున్నారు. మాది పాతది, సున్నం రాలిపోయి ఇటికలు బయటపడ్డాయి. ఇటు నేను, అటు అప్ప. తోడబుట్టిన అప్ప కాదు. నేను డ్రిల్లు మేష్టారుగా ఈ వీధిలో దిగిన రోజున, ఎండలో సామాన్లు దింపుకుంటుంటే, గోడ మీద మజ్జిగ గ్లాసు పెట్టి "తాగండి, తమ్ముడిలాంటోరు" అంది. ఆ పూట నుంచి నాకు అప్పే. ఆవిడ మాత్రం మేష్టారూ అనే పిలుస్తుంది, నేను రిటైరై ఏళ్లయినా.

మొన్న ఏప్రిల్లో ఒక పొద్దున్న గోడ మీద గిన్నె కనిపించింది. పైన అరిటాకు ముక్క మూత. వాసన బట్టే తెలిసిపోయింది, పచ్చి జీడిపప్పు కూర. ఈ కూర కొనుక్కుంటే వచ్చేది కాదు. పచ్చి గింజని చీల్చి పప్పు తియ్యాలంటే జీడి కారి వేళ్లు పొక్కుతాయి. అప్ప వేళ్లు అప్పటికే నల్లబడి ఉన్నాయి. నేను గిన్నె కేసి చెయ్యి చాపబోతే, ముందు ఫోను నా చేతిలో పెట్టింది.

"మా ఓడు పంపినాడు. ఈ బొమ్మెవులదో సెప్పండి సూద్దాం."

వాళ్లబ్బాయి అమెరికాలో ఒహాయోలో ఉంటాడు. సెలవు రోజున కేంటన్ అనే ఊళ్లో ఆటగాళ్ల మ్యూజియానికి పిల్లల్ని తీసుకెళ్లాడట. లోపల నిలువెత్తుకి మించిన కంచు విగ్రహం, ఒక మనిషి చంకలో బంతి ఇరికించుకుని పరిగెడుతున్నాడు.

"ఫుట్‌బాలాటంట. సేత్తో ఎత్తుకుపోతన్నాడు, ఫుట్టెక్కడున్నాది?" అంది.

ముప్ఫయ్యేళ్లు పిల్లలకి ఆటలు నేర్పినవాణ్ణి, నాకూ ఆ పేరు పొసగదు. ఆ బంతి గుండ్రంగా కూడా ఉండదు, పీచు ఒలవని కొబ్బరికాయలా ఉంటుంది. కాలితో తన్నడం కద్దు గాని తక్కువ. అప్పకి ఎలా చెప్పాలా అని ఆలోచించి, కబాడీలో పెట్టి చెప్పాను. కూత ఉండదు. కూతకి బదులు కొబ్బరికాయ. అది పట్టుకున్నవాడు అవతలి పదకొండు మందినీ తప్పించుకుని ముందుకి పోవాలి. వాళ్లు నడుమో కాలో పట్టి పడగొడతారు. పడితే మళ్లీ అక్కణ్ణుంచే మొదలు. నాలుగు తడవల్లో పది గజాలు జరిగారా, ఇంకో నాలుగు తడవలు. లేదంటే కాయ అవతలవాళ్లది. ఇలా నూరు గజాల పొలం దున్నుకుంటూ పోవాలి.

"గొలుసు పట్టుకుని పొలం కొలిచినట్టుంది" అంది. తర్వాత కబాడీ పేరెత్తాను కదా, ఆవిడ తన కథ మొదలెట్టింది. వాళ్ల కన్నవారి ఊరి తీర్థంలో పందెం పొట్టేలు ఎన్నో ఏళ్లుగా ఆ ఊరి జట్టుదే, ఒక్క యేడు మాత్రం ఎవడో ఎర్ర బనీనువాడు పక్కూరి తరఫున దిగి చివరి కూతకి ముగ్గుర్ని కొట్టి, ఆ పొట్టేల్ని తోలుకుపోయాడు. "ఆ మాయదారోడు ఆ వూరోడు కాదు మేష్టారూ. నాకు తెలీదేటి? కరణంగారి మేనల్లుడని సెప్పినారు. కరణంగారికి అప్పసెల్లెళ్లే నేరు!" ఈ కథ గోడ మీదుగా నేను ఇరవై సార్లు విని ఉంటాను. ఇరవై సార్లూ ఊకొట్టాను.

విగ్రహం జిమ్ థోర్ప్‌ది. 1887లో పుట్టాడు, ఇప్పటి ఓక్లహామా రాష్ట్రం ఉన్న చోట.

"తెల్లోడేనా?"

"కాదప్పా. మన మన్యంవాళ్లలాగ అక్కడి ఆదివాసి. సాక్ అండ్ ఫాక్స్ అని ఒక తెగ."

అప్ప గోడ మీద మోచేతులు ఆన్చింది. గొలుగొండ దాటితే మన్యమే గదా. సంత రోజున కొండ దిగి వచ్చేవాళ్లని పుట్టినప్పట్నుంచీ చూస్తున్న మనిషి. తెల్లవాడి కథ అయితే చీపురు అందుకునేదేమో. నేను చెప్పుకుపోయాను. ఆదివాసి పిల్లల్ని ఇళ్ల నుంచి దూరంగా తీసుకుపోయి, జుట్టు కత్తిరించి, సొంత మాట మాట్లాడకుండా చేసి, దొరల అలవాట్లు నేర్పడానికి పెన్సిల్వేనియాలో కార్లైల్ అనే చోట 1879లో ఒక బడి పెట్టారు. జిమ్‌ని అందులో వేశారు. అక్కడ వార్నర్ అనే ఆటల మేష్టారి కంట పడ్డాడు. 1911లో ఈ బడిపిల్లలు హార్వర్డ్ లాంటి విశ్వవిద్యాలయాన్ని 18-15తో ఓడించారు. మరుసటేడు సైన్యం కాలేజీ జట్టుని కూడా ఓడించారు. ఆ సైన్యం జట్టులో ఉన్న ఒక కుర్రాడు తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు, ఐసెన్‌హోవర్.

అదే 1912లో స్టాక్‌హోం ఒలింపిక్స్. అక్కడ థోర్ప్ దిగింది ఫుట్‌బాలుకి కాదు. పెంటాథ్లాన్, డెకాథ్లాన్ అని రెండున్నాయి. ఒకటి ఐదు ఆటల కట్ట, రెండోది పది ఆటల కట్ట. పరుగులు, దూకుళ్లు, విసుర్లు అన్నీ కలిపి లెక్క. రెండిట్లోనూ బంగారు పతకం ఇతనిదే. పోటీ నడుమ బూట్లు పోయాయిట. దొరికినవే రెండు తొడుక్కున్నాడు, జతకాని జత. ఒక కాలికి బూటు వదులైతే అదనంగా మేజోడు వేశాడు. ఆ బూట్లతో ఉన్న ఫోటో ఒకటి ఉంది. మా బడిలో పిల్లలు బూట్లు లేవని పరుగుకి వెనకాడితే నేను ఆ ఫోటో కథే చెప్పేవాణ్ణి. వాళ్లు శ్రద్ధగా విని, వట్టి కాళ్లతోనే పరిగెత్తి గెలిచేవాళ్లు, అది వేరే సంగతి.

"మరి పతకాలు ఇంటికి తెచ్చుకున్నాడా?" అంది.

తెచ్చుకున్నాడు. ఆర్నెల్లకి లాక్కున్నారు. అంతకు ముందు 1909, 1910 వేసవుల్లో ఉత్తర కేరొలైనాలో చిన్న ఊళ్లలో బేస్‌బాల్ ఆడి కాసిని డాలర్లు తీసుకున్నాడని 1913 జనవరిలో ఒక పత్రిక బయటపెట్టింది. డబ్బు పుచ్చుకుని ఆడినవాడు ఒలింపిక్స్‌కి తగడని అప్పటి కట్టుబాటు. వేసవుల్లో అలా ఆడి చేతిఖర్చులకి సంపాదించుకునే కాలేజీ కుర్రాళ్లు చాలామందే. వాళ్లు తెలివైనవాళ్లు, దొంగపేర్లు పెట్టుకున్నారు. ఇతను సొంత పేరుతో ఆడాడు. పట్టుబడ్డాడు.

అప్పకి ఒళ్లు మండింది. "ఊడుపులకెళ్తే కూలిత్తారు. గింజ కొట్టితే కూలిత్తారు. సావుకి డప్పు కొట్టినోడికీ ఇత్తారు. ఆడినోడికెందుకు ఇయ్యరు? ఆడిది ఒళ్లు కాదేటి?"

ఆ ప్రశ్నకి నేను ట్రైనింగులో చదువుకున్న జవాబొకటుంది. ఆట ఆట కోసం ఆడాలి, డబ్బు తగిలితే మైల పడుతుంది అని. ఆ మాట ఎవరన్నారో చూస్తే తెలిసిపోతుంది. ఇంట్లో గాదె నిండుగా ఉన్న దొరబిడ్డలు అన్నారు. వాళ్లకి సాయంత్రం ఆడితే సరదా. గనిలోనో పొలంలోనో రోజుకూలి మానుకుని ఆడేవాడికి ఆ పూట గింజ లేదు. వీడు తమతో సమానంగా గీత మీద నిలబడకుండా ఉండాలంటే మంచి ఉపాయం, ఆటని పవిత్రం చేసెయ్యడం. అప్పకి ఇదంతా చెప్పలేదు. ఆవిడ చెప్పిందే దీనికన్నా పొట్టిగా ఉంది.

"మన ఇసాకపట్నం బీచిలో బొమ్మున్నాది, కోడి రామ్మూర్తి. ఆడు టిక్కట్లు పెట్టి ఆడనేదేటి? మా తాత సూసినాడు. ఎవులు పతకాలు లాక్కున్నారు ఆడివి?"

ఎక్కడో కదిపింది నన్ను. రామ్మూర్తినాయుడు మా డ్రిల్లు మేష్టార్ల కులంవాడు. 1880ల తొలినాళ్లలో వీరఘట్టంలో పుట్టాడు. ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లా. చిన్నప్పుడే విజయనగరంలో పినతండ్రి దగ్గరికి చేరాడు. అక్కడ తాలింఖానాలో మట్టి పూసుకున్నాడు. తర్వాత మద్రాసులో సైదాపేట వెళ్లి వ్యాయామ శిక్షణ పాసై వచ్చి విజయనగరం బడిలో వ్యాయామోపాధ్యాయుడయ్యాడు. అంటే జీతం రాళ్లకి పిల్లల చేత కాళ్లూ చేతులూ ఎత్తించే ఉద్యోగం, నేను చేసిందే. తేడా ఎక్కడంటే, నేను పెన్షను దాకా చేశాను, ఆయన మధ్యలో వదిలేసి సర్కసు పెట్టాడు.

సర్కసంటే సింహాలూ కోతులూ ఉన్నా, జనం వచ్చేది ఈయన్ని చూడ్డానికే. ఊపిరి బిగబట్టి ఒంటికి చుట్టిన ఇనుప గొలుసుల్ని తెంచేవాడు. రెండు చేతులకీ చెరో కారు కట్టి రెండు పక్కలకీ తోలమంటే అవి కదిలేవి కావు. ఛాతీ మీద పలక పెట్టి ఏనుగుని ఎక్కించుకునేవాడు. తిండి పూర్తిగా శాకాహారం అని చెబుతారు. ఆ మాట మా బడిలో పిల్లలు ఎప్పుడూ నమ్మలేదు, గుడ్ల కోసం కాబోలు. తిలక్ ఆయన్ని మల్లమార్తాండ అన్నాడని, లండన్‌లో అయిదో జార్జి ముందు ప్రదర్శనిచ్చి ఇండియన్ హెర్క్యులిస్ అనిపించుకున్నాడని మన ఉత్తరాంధ్రలో ప్రతి తాతా చెబుతాడు. కలియుగ భీముడు అని మన జనం పెట్టుకున్న పేరు మాత్రం ఏ రాజూ ఇచ్చింది కాదు.

ఒక్కటి గమనించండి. టిక్కెట్టు డబ్బులు పుచ్చుకున్నాడని ఆయన్ని ఎవరూ తక్కువ చెయ్యలేదు. మన దగ్గర తోలుబొమ్మలాటవాడికీ, హరిదాసుకీ, సాములవాడికీ చాటలో బియ్యం పొయ్యడం ఎప్పట్నుంచో ఉన్నదే. బలం చూపించినవాడికి కూలి ఇవ్వకపోతే మనకే పాపం. అక్కడ పుచ్చుకుంటే పాపం. ఆ కాలంలోనే, ఆ వయసులవాళ్లే ఇద్దరూ.

"అక్కడా ఫుట్‌బాలుకి మాత్రం లోపాయకారీగా ఇచ్చేవారప్పా" అన్నాను. 1892 నవంబరులో పిట్స్‌బర్గ్ దగ్గర రెండు క్లబ్బులకి పోటీ. అలెఘెనీ క్లబ్బువాళ్లు బయటి నుంచి హెఫెల్‌ఫింగర్ అనే గట్టి ఆటగాణ్ణి పట్టుకొచ్చి, ఒక్క ఆటకి 500 డాలర్లు ఇచ్చారు. అతను అవతలివాళ్ల చేతిలోంచి జారిన బంతి లాక్కుపోయి గెలిపించాడు. ఇద్దరూ గప్‌చుప్. ఎన్నో ఏళ్లకి క్లబ్బు లెక్కల పుస్తకం దొరికితే, అందులో గుమస్తా శుభ్రంగా రాసిపెట్టాడు, ఆడినందుకు ఫలానా వాడికి రొక్కం 500 అని. అమెరికాలో డబ్బుకి ఫుట్‌బాల్ ఆడిన మొదటి మనిషి ఇతనేనని ఆ పద్దు బట్టే అంటారు. గుమస్తాల ముందు ఎవరూ దాగలేరు.

అప్ప నవ్వలేదు. "కిరాయి ప్లేయరన్నమాట. మా తీర్థంలో ఎర్ర బనీనోడిలాగ."

నేను గిన్నె మీద ఆకు సర్ది పతకాలు పోయినవాడి దగ్గరికి తిరిగొచ్చాను. పతకాలు పోయాక ఇక దాపరికం ఎందుకు? బేస్‌బాల్ పెద్ద జట్టులో చేరాడు. 1915లో కేంటన్ బుల్‌డాగ్స్ అనే ఫుట్‌బాల్ జట్టు ఆటకి 250 డాలర్లు ఇస్తామని పిలిచింది. ఎక్కువని ఊళ్లో గొణిగారు. పక్క ఊరు మాసిలన్‌తో వాళ్లకి పాత పగ. మన తీర్థాల్లో పక్కూళ్ల పగలాంటిదే. అంతకు ముందు కొద్దిగానే వచ్చే జనం థోర్ప్ వచ్చాడంటే వేలల్లో వచ్చారు. అప్పటి ఆట ఇప్పుడు టీవీలో చూసేది కాదు. తలకి మెత్తటి తోలు టోపీ, అదీ ఇష్టమైతేనే. 1905లో ఒక్క ఏడాదిలోనే ఈ ఆటలో కుర్రాళ్లు ఎందరో చచ్చిపోతే, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కాలేజీలవాళ్లని పిలిచి మందలించాల్సి వచ్చింది. బంతిని చేత్తో ముందుకు విసరొచ్చు అనే రూలు ఆ తర్వాతేడు వచ్చిందే. బుర్రకి టోపీ తప్పనిసరి చెయ్యడానికి పెద్ద లీగుకి 1943 దాకా పట్టింది.

1920 సెప్టెంబరులో కేంటన్‌లోనే ఒక కార్ల షోరూములో జట్ల యజమానులు కూడారు. కుర్చీలు చాలక కొందరు కార్ల మెట్ల మీద కూర్చున్నారు. అక్కడ పుట్టిందే ఇప్పుడు కోట్లకి కోట్లు తిరిగే ఎన్‌ఎఫ్‌ఎల్, పేరు రెండేళ్ల తర్వాత పెట్టుకున్నారు. మొదటి అధ్యక్షుడిగా థోర్ప్‌ని ఎన్నుకున్నారు. పరిపాలన వచ్చని కాదు, పేపర్లో పేరు పడాలని. మ్యూజియం ఆ ఊళ్లో ఉన్నదీ, గుమ్మంలోనే అతని బొమ్మ ఉన్నదీ అందుకే.

"అయితే బాగుపడ్డాడు" అంది అప్ప.

1922లో ఒహాయోలోనే లరూ అనే పల్లె. వెయ్యిమంది కూడా లేని ఊరు. అక్కడ ఒకాయన వేటకుక్కలు పెంచి అమ్మేవాడు. కుక్కలకి ప్రచారం కావాలని ఒక ఫుట్‌బాల్ జట్టు కొన్నాడు, ఊరాంగ్ ఇండియన్స్ అని. ఆటగాళ్లంతా ఆదివాసులు, నాయకుడు థోర్ప్. ఆట విరామంలో వీళ్లు ఈకల టోపీలు పెట్టుకుని నృత్యాలు చెయ్యాలి, గొడ్డళ్లు విసరాలి, కుక్కల విన్యాసాలు చూపించాలి. తర్వాత మళ్లీ ఆట. రెండేళ్లలో ఇరవై ఆటలాడితే గెలిచినవి నాలుగు. కుక్కలు మాత్రం బాగా అమ్ముడుపోయాయిట.

సర్కసే. కాకపోతే రామ్మూర్తినాయుడి గుడారం రామ్మూర్తినాయుడిది. ఇతనిది కుక్కల యజమానిది. ఎవరు ఎవర్ని ఆడించారన్నదే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది, టిక్కెట్టు కాదు.

41 ఏళ్ల వయసులో, 1928లో చివరి ఆట ఆడాడు. మరుసటేడే అక్కడ పెద్ద మాంద్యం. లాస్ ఏంజెలస్‌లో పారతో గోతులు తవ్వే కూలికి వెళ్లాడు. సినిమాల్లో చిన్న వేషాలు వేశాడు. ఆ ఊళ్లోనే 1932లో ఒలింపిక్స్ జరిగితే టిక్కెట్టుకి డబ్బుల్లేవు. సంగతి బయటికొచ్చి, అప్పటి ఉపాధ్యక్షుడు కర్టిస్, ఆయనలోనూ ఆదివాసి రక్తం ఉంది, తన పక్కన కూర్చోబెట్టుకుంటే మైదానమంతా లేచి నిలబడింది. మన రామ్మూర్తినాయుడి చివరి రోజులూ అంతే. కాలికి దెబ్బ తగిలి, అది ముదిరి కాలే తీసెయ్యాల్సి వచ్చింది. ఆస్తి కరిగిపోయింది. 1942 జనవరిలో ఒరిస్సాలో బలంగీర్‌లో పోయాడు, వీరఘట్టంలో కాదు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరుంది.

థోర్ప్ 1953 మార్చిలో పోయాడు. "మరి సమాధి ఆళ్ల తెగోళ్ల దగ్గరే కట్టినారా?"

లేదు. సొంత తెగ కర్మకాండ జరుగుతూ ఉండగానే మూడో భార్య శవాన్ని తీసుకుపోయింది. పెన్సిల్వేనియాలో మాక్ చంక్ అని బొగ్గు గనులు దెబ్బతిన్న ఊరు. మా దగ్గర పాతిపెడితే ఊరి పేరే మార్చుకుంటామన్నారు, జనం వస్తారని ఆశ. ఇప్పుడు ఆ ఊరి పేరు జిమ్ థోర్ప్. బతికుండగా అతను అడుగు పెట్టిన ఊరు కాదది. కొడుకులు తండ్రిని వెనక్కివ్వమని కోర్టుకెక్కారు, 2015లో సుప్రీంకోర్టు వినడానికి ఒప్పుకోలేదు.

అప్ప కృష్ణాదేవిపేట వైపు చూసింది. మా మండలమే అది. 1924 మేలో కొయ్యూరులో కాల్చి చంపిన అల్లూరి సీతారామరాజుని తెచ్చి పెట్టింది అక్కడే. "మన రాజుగారూ ఈ వూరోడు కాదు గదా. అయినా మన మన్యం కోసం సచ్చినాడు, మన మట్టిలో ఉన్నాడు. ఆడికేటి సంబంధం ఆ వూరితోటి?" అదే ఏడు, నెల తిరక్కుండా, అమెరికా తన ఆదివాసులందరికీ పౌరసత్వం ఇచ్చిందని చెబుదామనుకున్నాను. కూర చల్లారిపోతోంది.

"పతకాలు తిరిగిచ్చినారా లేదా అది సెప్పండి."

ఇచ్చారు, అతను పోయిన ముప్ఫయ్యేళ్లకి. అభ్యంతరం ఉంటే పోటీలు ముగిసిన 30 రోజుల్లోపు చెప్పాలని 1912 నాటి రూలు పుస్తకంలోనే ఉంది. ఆర్నెల్ల తర్వాత చెప్పారు కనక లాక్కోవడమే తప్పు. ఆ పుస్తకం వాషింగ్టన్ లైబ్రరీలో దొరికాక 1982లో ఒప్పుకున్నారు, పిల్లల చేతికి పతకాల నకళ్లు ఇచ్చారు. అప్పుడూ ఇంకొకళ్లతో కలిపి విజేత అన్నారు. ఒక్కడే విజేత అని రాయడానికి 2022 దాకా పట్టింది.

ఇక్కడ నా నోరు ఆగి ఉంటే బాగుండేది. అతను సొంత పేరుతో ఆడాడు అన్న మాట పొద్దున్నుంచీ నా గొంతులో ముల్లులా ఉంది. 2023లో కబాడీ వేలంలో తెలుగు టైటాన్స్‌వాళ్లు పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షలు పెట్టి కొంటే టీవీ ముందు చప్పట్లు కొట్టాం. నలభై ఏడేళ్ల కిందట 50 రూపాయలు నేనెందుకు దాచుకోవాలి?

"అప్పా, కరణంగారి మేనల్లుడు ఉన్నాడు చూడండి. ట్రైనింగు ఫీజు కట్టాలి. యాభై ఇస్తామన్నారు. ఊరోళ్లో ఊరి చుట్టాలో అయితేనే దిగాలని మీ తీర్థం కమిటీ రూలు. ఆ ఎర్ర బనీను కూడా వాళ్లదే."

అప్ప చాలాసేపు నన్ను చూసింది. పెళ్లిచూపుల్లో కూడా నన్నెవరూ అంత నిదానంగా చూడలేదు.

"పొట్టేల్నేటి సేసినారు?"

"కోసుకున్నారు. నాకు కాలు ముక్క పంపారు."

ఆవిడ గోడ మీది గిన్నె తీసుకుని లోపలికి పోయింది. నేను పేపరు తెరిచాను, ఏమీ చదవలేదు. కాసేపటికి గిన్నె మళ్లీ గోడ మీదకొచ్చింది. ఆకు తీసి చూస్తే కూర సగానికి ఉంది.

"జరిమానా" అని వినిపించింది వంటింట్లోంచి. "మా కన్నోరికి ఫోను సేత్తన్నాను, ఉండండి."